గురుకులం మాస్టారు రిటైరైతే ఆ ఇంట్లో ఎంతమంది రిటైరైనట్టు?

మా వైపు పాత మాస్టర్ల పుట్టినరోజులు ఎప్పుడైనా గమనించారా? చాలామందివి జూన్ ఒకటో తారీఖో, జూలై ఒకటో తారీఖో అయి ఉంటాయి. పల్నాడు పల్లెల్లో ఆ రోజుల్లో బిడ్డ పుట్టిన తేదీ ఎవరు రాసిపెట్టుకున్నారు గనక! బళ్ళో వేసే రోజున తండ్రి "మిరపకాయ కోతలప్పుడు పుట్టాడయ్యా" అంటే, పంతులుగారు ఐదేళ్ళు నిండేట్టు వేళ్ళ మీద లెక్కేసి ఏదో ఒక తేదీ రాసేసేవారు. ఆ పిల్లవాడు పెద్దయి తానే మాస్టారయ్యాక, ఆ అంకె అతన్ని వెంటాడుతుంది. సర్కారు లెక్కలో పుట్టిన నెల ఆఖరి రోజున రిటైర్ అవ్వాలి. ఒకటో తారీఖున పుట్టినవాళ్ళకైతే అంతకుముందు నెల ఆఖరి రోజే. అందుకే మా చుట్టుపక్కల ఏటా జూన్ 30న శాలువాల కొట్లకి గిరాకీ ఎక్కువ.

మామూలు బడిలో అయితే సరే. గురుకులంలో మాత్రం అది చాలా ఇబ్బందైన రోజు. బడి తెరిచి మూడు వారాలు కూడా కాదు. ఐదో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు ట్రంకు పెట్టెల మీద కూర్చుని ఇంకా ఏడుస్తూనే ఉంటారు. వాళ్ళు ఎవరికి అలవాటు పడదామనుకుంటున్నారో ఆ మాస్టారే సామాను సర్దుకుంటూ ఉంటాడు.

మా పెద్దాడపడుచు భర్త అలాగే రిటైర్ అయ్యారు. నేను ఆయన్ని అన్నయ్యగారు అంటాను. లెక్కల మాస్టారు. 31 ఏళ్ళు గురుకులాల్లోనే పనిచేశారు. మూడు బదిలీలు, నాలుగు క్యాంపస్సులు. ఆఖరి పద్నాలుగేళ్ళు మాచర్ల వైపు. వదినగారికి ఉద్యోగం లేదు. అంటే జీతం వచ్చే ఉద్యోగం లేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఈ గురుకులాలు ఎట్లా వచ్చాయో చెప్పుకుందాం. మన పిల్లల్ని పరీక్ష రాయించి పంపిస్తాంగానీ, వాటి పుట్టుక గురించి మనలో చాలామందికి తెలియదు.

1971 సెప్టెంబరు ఆఖర్లో పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. అంతకుముందు విద్యాశాఖ చూశారు. పల్లెటూరి బీద పిల్లల్లో చురుకైనవాళ్ళని పరీక్ష పెట్టి ఏరి, తిండీ బట్టా పుస్తకాలూ ఇచ్చి, మాస్టర్లు కూడా అక్కడే కాపురముండి చదువు చెప్పాలన్నది ఆయన ఆలోచన. అదే ఏడాది నవంబరు 23న నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులం మొదలైంది. మద్ది నారాయణరెడ్డిగారనే సర్వోదయ కార్యకర్త దానికి భూమి ఇచ్చారు. మరుసటి ఏడు రాయలసీమకి కొడిగెనహళ్ళి, కోస్తాకి మన గుంటూరు దగ్గర తాడికొండ. ఒక్కో ప్రాంతానికి ఒక్కోటి చొప్పున పంచారన్నమాట. మూడూ మగపిల్లలవే! చురుకైన ఆడపిల్లలు పల్లెల్లో ఉండరనుకున్నారో, ఉన్నా ఇంటి నుంచి పంపరనుకున్నారో. ఆడపిల్లల గురుకులాలు తర్వాత వచ్చాయి. సాంఘిక సంక్షేమ గురుకులాలు, బీసీ గురుకులాలు, 2004 నుంచి కస్తూర్బా విద్యాలయాలు, ఇవన్నీ ఆ తర్వాతి సంగతులే.

పి.వి.గారే 1985లో ఢిల్లీలో మానవవనరుల శాఖ మంత్రి అయ్యాక, రాజీవ్ గాంధీ హయాంలో నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. సర్వేల్ మొలకకి దేశమంతా కొమ్మలు వేసినట్టు. గుంటూరు జిల్లా నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. జిల్లాలు విడగొట్టాక అది మన పల్నాడులోకే వచ్చింది. నవోదయల్లో ఒక చిత్రమైన పద్ధతి ఉంది. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని హిందీ రాష్ట్రాల నవోదయకి పంపి, అక్కడి పిల్లల్ని ఇక్కడికి తెస్తారు. పెసరట్టు తప్ప ఎరగని పిల్లాడు పద్నాలుగేళ్ళకి రొట్టెలకి అలవాటు పడాలి. మేస్టర్లకి మాత్రం ఆ మార్పిడి లేదు, వాళ్ళు బదిలీ మీద వెళ్ళాల్సిందే.

మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో గురుకుల జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ రెండూ ఉన్నాయి. సాగర్ డ్యాం కట్టేటప్పుడు ఇంజనీర్లకీ పనివాళ్ళకీ కుడిగట్టున వేసిన కాలనీ ఊరు అది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ నీళ్ళు వదిలారు. పని అయిపోయాక కాలనీలో జనం పల్చబడిపోయారు. అలాంటి చోట పల్లెటూళ్ళ పిల్లలు పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటే, ఆ ఊరికి మళ్ళీ ఊపిరొచ్చింది. ఇంటర్‌కి అక్కడ సీటొచ్చిందంటే మా నరసరావుపేటలో ఇప్పటికీ వీధంతా స్వీట్లు పంచుతారు.

ఇంక గురుకులం మాస్టారి రోజు ఎట్లా ఉంటుందో వినండి. తెల్లారి ఐదింటికి గంట. పిల్లల్ని లేపి గ్రౌండుకి తోలాలి. పొద్దున స్టడీ అవరు, మెస్‌లో టిఫిను డ్యూటీ, ఆ తర్వాత మామూలు బడి. సాయంత్రం ఆటలు, రాత్రి మళ్ళీ స్టడీ అవరు, తొమ్మిదిన్నరకి డార్మిటరీలో రోల్ కాల్. ఒక్కో మాస్టారికి ఇరవై పాతిక మంది పిల్లలు అప్పజెప్పి ఉంటారు. వాళ్ళ జ్వరాలూ జేబుఖర్చులూ, ఇంటి దగ్గర్నుంచి వచ్చే ఉత్తరాలూ, ఇప్పుడైతే ఫోన్లూ, అన్నీ ఆయనవే. పండగ సెలవులకి పిల్లలు పోతేగానీ మాస్టారికి పండగ లేదు. అన్నయ్యగారు పెళ్ళయిన కొత్తల్లో అత్తగారింట్లో సంక్రాంతికి రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి లేచి నిలబడేవారట. ఎవరిని లెక్కపెట్టాలో తెలీక వరండాలో అటూ ఇటూ తిరిగేవారట. మా అత్తగారు చనిపోయే దాకా ఈ మాట చెప్పి నవ్వేవారు.

వాళ్ళ పిల్లలిద్దరూ తండ్రిని "సార్" అని పిలుస్తారు. అబ్బాయి అదే బళ్ళో చదివాడు, క్లాసులో నాన్నా అంటే మిగతా పిల్లలు ఏడిపిస్తారని సార్ అనడం అలవాటు చేసుకున్నాడు. అన్నని చూసి చెల్లెలు. ఇప్పుడా పిల్లకి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఫోన్లో ఇప్పటికీ "అమ్మా, సార్ మందులేసుకున్నారా?" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు మా అల్లుడుగారు తెల్లబోయారట.

వదినగారి సంగతికొస్తాను. కొత్తగా చేరిన పిల్లల్లో ప్రతి ఏడూ ఒకరిద్దరు రాత్రిళ్ళు పక్క తడుపుతారు. తొమ్మిది పదేళ్ళ పిల్లలు, మొదటిసారి అమ్మ పక్కన లేకుండా పడుకున్నారు, తప్పేముంది. తోటి పిల్లలకి తెలిస్తే మాత్రం ఇక ఆ బిడ్డ పదో తరగతి దాకా తలెత్తుకోలేడు. అన్నయ్యగారు నాలుగున్నరకే వెళ్ళి ఆ పిల్లాణ్ణి లేపి, దుప్పటి చుట్టి ఇంటికి తెచ్చేవారు. వదినగారు గంట కొట్టేలోపు దాన్ని ఉతికి, తన చీరల చాటున ఆరేసి, పొడి దుప్పటి ఇచ్చి పంపేవారు. బయటివాళ్ళు చూస్తే మాస్టారింట్లో బట్టలు ఆరేశారనుకుంటారు. 31 ఏళ్ళూ ఆమె దండెం మీద ఎవరో ఒక బిడ్డ దుప్పటి ఉంటూనే ఉందట. ఈ సంగతి ఆమె నాకు చెప్పింది కూడా రిటైర్ అయ్యాకే. పేర్లు మాత్రం ఇప్పటికీ చెప్పదు. "ఎందుకులే అమ్మాయ్, ఇప్పుడు వాళ్ళంతా పెద్ద ఆఫీసర్లు" అని నవ్వేస్తుంది.

జ్వరమొచ్చిన పిల్లాడికి జావ, పరీక్షల ముందు గోంగూర పచ్చడి, పారిపోదామని బస్సు స్టాపు దాకా వెళ్ళి దొరికిన పిల్లాడికి ముందు అన్నం, తర్వాత మాస్టారి చీవాట్లు. ఇదంతా క్వార్టర్స్‌లో ఉండే ఆడవాళ్ళు చేసే పని. ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

మన పురాణాల్లోనూ అంతే గదా. భాగవతంలో కుచేలుడు ద్వారకకి వస్తే, కృష్ణుడు సాందీపని ఆశ్రమం రోజులు తల్చుకుంటాడు. గురుపత్ని పంపితే కట్టెలకి అడవికి వెళ్ళడం, వాన, చీకటి, గురువుగారు వెతుక్కుంటూ రావడం. ఆ కథలో ఆవిడ గురుపత్నే, పేరుండదు. భారతం ఆదిపర్వంలో ఉదంకుణ్ణి కుండలాలు తెమ్మని అడిగిన గురుపత్నికీ పేరు లేదు. వంట చెయ్యాలంటే కట్టెలు కావాలి, ఆశ్రమంలో అంతమందికి వంట ఎవరు చేశారో కథకి అక్కర్లేదు!

రిటైర్మెంటు వయసు గురించి కూడా మా ఇళ్ళల్లో పెద్ద చరిత్రే ఉంది. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం 58 ఏళ్ళని ఒక్కసారిగా 55 చేసింది. 18,000 మందికి పైగా ప్రభుత్వోద్యోగులు ఆ నెలాఖరుకి ఇంటికి వెళ్ళిపోయారు. మా అమ్మ నాన్నగారు అందులో ఒకరు, గురజాల వైపు ఒక ఊళ్ళో హెడ్మాస్టరు. బడికి వెళ్ళిన మనిషి మధ్యాహ్నం గొడుగూ డస్టరూ పట్టుకుని వచ్చేశారట. డస్టర్ ఎందుకు తెచ్చారని మా అమ్మమ్మ అడగలేదట, దేవుడి గూట్లో పెట్టిందట. మరుసటి ఏడు మళ్ళీ 58 చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1985 జనవరిలో తగ్గించడం సబబేనని కోర్టు చెప్పింది, అదే ఏడాది తర్వాత, మధ్యలో ఇంటికి పంపిన వాళ్ళలో 58 నిండనివారికీ ఆ మేలు దక్కాలని ఇంకో తీర్పు వచ్చింది. 2014లో 60, 2022 జనవరిలో 62. ప్రభుత్వోద్యోగులకి పెరిగిన వయసు గురుకులం సొసైటీల వాళ్ళకి దానంతటది రాదు, వేరే ఉత్తర్వులు కావాలి. ఒక ఏడాది అటా ఇటా అన్నది ఆఫీసుకి కాగితం. ఇంటికి మాత్రం కూతురి పెళ్ళి, బ్యాంకు అప్పు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇల్లు. క్వార్టర్స్‌లో ఉన్నవాళ్ళకి ఇంటి అద్దె అలవెన్సు రాదు. ఉండటానికి గూడు ఉందిగా అని మనిషి కూడా తొందరపడడు. తోటివాళ్ళు తొంభైల్లోనే నరసరావుపేటలో స్థలాలు కొని రేకుల షెడ్డయినా వేసుకున్నారు. అన్నయ్యగారు అప్పుడు ఇంకో ఊళ్ళో పిల్లల్ని లెక్కపెడుతున్నారు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయ్యి నరసరావుపేట జిల్లా కేంద్రం అయ్యాక ఇక్కడ స్థలాల రేట్లు ఎట్లా ఎగిరాయో నేను చెప్పాలా? వదినగారు ఇప్పుడు మా వీధి చివర రెండు గదుల అద్దె ఇంట్లో ఉన్నారు. రావాల్సిన డబ్బులు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగి తిరిగి చేతికి అందేసరికి పదమూడు నెలలు పట్టింది. సన్మానానికి వచ్చిన గోడ గడియారాలు తొమ్మిది. అద్దె ఇంట్లో మేకులు కొట్టొద్దన్నారని అన్నీ అట్టపెట్టెలోనే ఉన్నాయి, సెల్సు తియ్యకపోవడంతో కొన్ని లోపల ఇప్పటికీ టిక్ టిక్ మంటుంటాయి.

పదవీ విరమణ అంటే ఇష్టం లేని మేస్టర్లు కొత్తేమీ కాదు మా గడ్డకి. ఫాదర్ హయ్యర్ అని అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఒకాయన 1842 జూలై 31న గుంటూరు వచ్చారు. అప్పటికే 49 ఏళ్ళు, భార్య పోయింది. బళ్ళు పెట్టారు. 1849లో గురజాల వచ్చి పల్నాట్లో మకాం పెట్టారు. ఆ ఎండల్లో, రైలు రోడ్డూ ఏదీ లేని రోజుల్లో! 1857లో స్వదేశం వెళ్ళిపోయి, హాయిగా కూర్చుంటారనుకుంటే 1869లో 76 ఏళ్ళ వయసులో మళ్ళీ ఓడెక్కి ఆంధ్రదేశం వచ్చారు. ఆయన మతం సంగతి అలా ఉంచితే, ఆ వయసులో ఆ సముద్రం దాటడం చూస్తే నాకు మాత్రం మా అన్నయ్యగారు వరండాలో తొమ్మిదిన్నరకి తిరగడమే గుర్తొస్తుంది.

పోయిన కార్తీకంలో వనభోజనాలకి మేమంతా సాగర్ వెళ్ళాం. మాచర్ల నుంచి వెళ్తే విజయపురి సౌత్‌కి దగ్గర్లోనే అనుపు ఉంది. డ్యాం కింద మునిగిపోయే నాగార్జునకొండ లోయలోంచి కొన్ని కట్టడాల్ని రాయి రాయీ తెచ్చి అక్కడా, కొండ మీదా మళ్ళీ పేర్చారు. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే. కాలనీ పేరు అక్కడి నుంచి వచ్చిందే. భిక్షువులు ఉండి చదువు చెప్పిన విహారాలు చూస్తే అచ్చం మన గురుకులమే. మధ్యలో మండపం, చుట్టూ చిన్న చిన్న గదులు. వాళ్ళకీ భోజనాల చావడి, సామాన్ల కొట్టు ఉండేవి. జ్వరాలొచ్చిన వాళ్ళని ఉంచేందుకు ఒక ఇల్లున్నట్టు కూడా శాసనం దొరికింది.

ఇవన్నీ ఎవరు కట్టించారనుకున్నారు? ఎక్కువగా ఆడవాళ్ళే. రాజులు యజ్ఞాలు చేసుకుంటుంటే రాణులూ, రాజుగారి అప్పచెల్లెళ్ళూ, మామూలు ఇళ్ళ ఆడవాళ్ళూ భిక్షువులకి వసతులు కట్టించారు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలిచ్చింది. రాజకుటుంబానికి చెందని బోధిసిరి అనే ఉపాసిక, వీరపురుషదత్తుడి 14వ రాజ్యసంవత్సరంలో చుళధమ్మగిరి మీద సింహళం నుంచి వచ్చిన గురువుల కోసం చైత్యగృహం కట్టించింది. కశ్మీరం, గాంధారం, చీనా దాకా ధర్మం చెప్పినవాళ్ళని ఆ గురువుల్ని శాసనం పొగుడుతుంది. కట్టించిన పుణ్యం తన భర్తకీ, అత్తింటివాళ్ళకీ, పుట్టింటివాళ్ళకీ చెందాలని పేరుపేరునా రాయించింది. పని చూసుకున్న ముగ్గురు థేరుల పేర్లున్నాయి. ఆఖర్న రాయి చెక్కిన శిల్పి పేరు కూడా ఉంది, విధికుడు అని. 1700 ఏళ్ళ తర్వాత పల్నాట్లో ఒక గృహిణి ఆ తాపీమేస్త్రీ పేరు పలకగలుగుతోందంటే బోధిసిరి చలవే.

ఈ మాటలు వదినగారికి చెప్తూ అనుపు మెట్ల మీద కూర్చున్నాను. ఆమె పులిహోర పొట్లాలు కడుతూ విన్నారు. "మా బళ్ళో ఆఫీసు గదిలో బోర్డు ఉంటుందమ్మా. ప్రిన్సిపాళ్ళ పేర్లు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, తెల్ల రంగుతో" అన్నారు. అంతే అన్నారు.

తర్వాతి వారం వాళ్ళింటికి వెళ్తే, పాత లాంగ్ నోట్‌బుక్ ఒకటి మంచం మీద ఉంది. వెనక పేజీల్లో గీతలు గీసి, క్వార్టర్ నంబరు, ఇంట్లో ఆవిడ పేరు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా, ఏం చేసేది అని నాలుగు గళ్ళు. హిందీ మాస్టారి భార్యకి మిషను కుట్టు వచ్చు, చిరిగిన యూనిఫారాలన్నీ ఆవిడే కుట్టేది. పీఈటీ గారి తల్లి, పిల్లలకి దిష్టి తీసేది. నర్సు పోస్టు ఖాళీగా ఉన్న మూడేళ్ళూ ఫలానా ఆవిడ. మెస్‌లో వంటవాళ్ళు నలుగురు, వాళ్ళ ఊళ్ళతో సహా. ఒక లైబ్రేరియన్ గారి భార్య పేరు కోసం ఆదోనికి ఫోన్ చేశారట, ఆ అమ్మాయి పదిహేనేళ్ళ తర్వాత గొంతు విని ఏడ్చిందట.

ఇంకో సంగతి కూడా ఆ నోట్‌బుక్కే చెప్తోంది. చివరి ఐదారేళ్ళకి వచ్చేసరికి గళ్ళు ఖాళీగా ఉన్నాయి. రిటైరైన వాళ్ళ స్థానంలో కాంట్రాక్టు మీద వచ్చిన పిల్లలు, ఏడాదికేడాది కాగితం కొత్తది చేయించుకునేవాళ్ళు, అంత భరోసా లేని ఉద్యోగానికి సంసారం తెచ్చి క్వార్టర్‌లో ఎట్లా పెడతారు? మాచర్లలో గది తీసుకుని బైకు మీద వచ్చి పోతున్నారు. డ్యూటీ ఉన్న రాత్రి ఉంటారు. వాళ్ళని తప్పు పట్టలేం, మన ఇంట్లో పిల్లలైనా అదే చేస్తారు. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకి తడిసిన దుప్పటి ఎక్కడికి పోవాలి? వదినగారు ఆ ప్రశ్న నన్ను రెండుసార్లు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

నోట్‌బుక్కులో ఇప్పటికి 41 పేర్లయ్యాయి. ఒక్క గడిలో మాత్రం పేరు లేకుండా పెన్సిల్ గీత ఉంది. వాచ్‌మన్ భార్య. పారిపోవడానికి వచ్చిన పిల్లల్ని గేటు దగ్గర కూర్చోబెట్టి, కొంగుముడి విప్పి బెల్లం ముక్క ఇచ్చి, కబుర్లలో పెట్టి, ఈలోగా మొగుణ్ణి మాస్టారి కోసం పంపేదట. అందరూ ఆమెని గేటమ్మ అనేవాళ్ళు. జీతం రిజిస్టర్లో వాచ్‌మన్ పేరుంది, ఆమెది లేదు. వాళ్ళబ్బాయి మాచర్ల బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడని ఎవరో చెప్పారట. అన్నయ్యగారు శనివారం మొదటి బస్సుకి వెళ్ళి కనుక్కొస్తానన్నారు.